ఇంటర్ తర్వాత కాలేజీ దరఖాస్తులు: వరంగల్ చుట్టుపక్కల పిల్లలు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి హనుమకొండలో మా ఇంటి వరండా నిండిపోతుంది. పరకాల, నర్సంపేట, ములుగు, ఏటూరునాగారం, మహబూబాబాద్, హుజూరాబాద్ నుంచి బస్సు దిగి వస్తారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కావలసిన కాగితాల్లో సగం. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పిన రోజుల్లో మొదలైన పని ఇది. రిటైరైనా ఆగలేదు.

మార్కులు తక్కువై సీటు రానివాళ్లు ఉంటారు, అది వేరే సంగతి. మార్కులుండీ ఒక కాగితం లేకనో, ఒక ఓటీపీ అందకనో, ఎవరో వేరేవాళ్లు ఆప్షన్లు పెట్టేయడం వల్లనో సీటు పోగొట్టుకున్న పిల్లలను చూస్తేనే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ఎవరు వచ్చినా మొదట ఒకటే మాట చెప్తాను: దరఖాస్తు మీది. ఫోన్ నంబరు, పాస్‌వర్డ్, ఆప్షన్ల వరుస మీ చేతిలోనే ఉండాలి. తేదీలు, ఫీజులు ఏటా కాస్త మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ తప్పకుండా చదువుకోండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి? ఫలితాలు వచ్చాక చూసుకుంటే సరిపోదా?

సరిపోదు. నిట్‌ల లాంటి కేంద్ర ఇంజనీరింగ్ కాలేజీల కోసం రాసే జేఈఈ మెయిన్ మొదటి విడత పరీక్ష జనవరిలోనే జరుగుతుంది, అంటే దరఖాస్తు చలికాలంలోనే పెట్టాలి. నీట్ (మెడిసిన్), క్యూట్ (సెంట్రల్ యూనివర్సిటీలు), ఎప్‌సెట్ (మన రాష్ట్రంలో ఇంజనీరింగ్, అగ్రికల్చర్) దరఖాస్తులన్నీ ఇంటర్ పరీక్షల హడావుడిలోనే వచ్చిపడతాయి. ఫలితాలు వచ్చాక మొదలయ్యేది డిగ్రీ సీట్ల దరఖాస్తు దోస్త్ ఒక్కటే.

ఇంటర్ రెండో ఏడాది దసరా సెలవుల్లో ఒక పూట కూర్చుని కాగితాలన్నీ ముందేసుకోండి. ఏది ఉందో, ఏది లేదో, ఏ కాగితంలో పేరు ఎలా ఉందో ఆ రోజే తెలిసిపోతుంది. పేరు తప్పు దసరాకు బయటపడితే సరిచేసుకోవచ్చు. అదే జూన్‌లో బయటపడితే ఆధార్ సెంటర్ ముందు లైన్‌లో నిలబడి ఏడవాల్సి వస్తుంది.

ఏయే కాగితాలు కావాలి?

పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆధార్, 6వ తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కుల సర్టిఫికెట్, ఆదాయ సర్టిఫికెట్. పరీక్ష రాసి ఉంటే దాని హాల్ టికెట్, ర్యాంకు కార్డు కూడా. వికలాంగుల కోటా, ఎన్‌సీసీ, స్పోర్ట్స్, సైనికుల పిల్లల కోటా ఉన్నవాళ్లకు వాటి సర్టిఫికెట్లు అదనం.

వీటిలో ఎక్కువ ఇబ్బంది పెట్టేవి స్టడీ సర్టిఫికెట్లు. ఆరు, ఏడు ఊళ్లో బడి, ఎనిమిది నుంచి పది గురుకులం, ఇంటర్ వరంగల్‌లో అయితే మూడు చోట్ల తిరగాలి. వేసవి సెలవుల్లో బడికి తాళం ఉంటుంది, హెడ్‌మాస్టర్ ఊళ్లో ఉండరు. మూతపడిన ప్రైవేటు బడిలో చదివినవాళ్లయితే మండల విద్యాధికారి చుట్టూ తిరగాల్సి వస్తుంది. అందుకని బళ్లు నడుస్తున్నప్పుడే తెచ్చి పెట్టుకోండి.

ఇంకో సంగతి, కొన్ని కాగితాలు మరీ ముందుగా తీసినా చెల్లవు. ఆదాయ సర్టిఫికెట్‌ను మన రాష్ట్ర కౌన్సెలింగ్‌లో ఆ ఏడాది జనవరి 1 తర్వాత తీసినదే అడుగుతారు. కేంద్ర సంస్థలకిచ్చే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (ఆదాయం పరిమితి లోపున్న బీసీలకు), ఈడబ్ల్యూఎస్ (రిజర్వేషన్ లేని వర్గాల్లో పేదలకు) సర్టిఫికెట్లు ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాతవి కావాలి. నిరుడు అన్నకు తీసిన ఆదాయ సర్టిఫికెట్ పట్టుకుని వచ్చేవాళ్లు నాకు ఏటా కనిపిస్తారు. ఇల్లు అదే, నాన్న అదే, ఆదాయం అదే కదా అంటారు. నిజమే, కానీ తేదీ అది కాదు.

ఆధార్‌లో ఒక పేరు, పదో తరగతి మెమోలో ఒక పేరు ఉన్నాయి. ఏం చేయాలి?

పదో తరగతి మెమోనే మూలం. చదువుకు సంబంధించిన ప్రతి దరఖాస్తూ దాన్నే చూస్తుంది. మెమోలో ఉన్న పేరు సరైనదే అయితే ఆధార్‌ను దానికి తగ్గట్టు మార్చుకోండి, మెమో తీసుకెళ్తే ఆధార్ సెంటర్‌లో మారుస్తారు. ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి మాత్రమే మార్చుకునే వీలుంటుంది. కాబట్టి ఇంగ్లిషు స్పెల్లింగు కాగితం మీద రాసి తీసుకెళ్లండి. లక్ష్మి అనే పేరునే ఇంగ్లిషులో మూడు రకాలుగా రాస్తారు, కౌంటర్‌లో కూర్చున్నవాళ్లకు మీది ఏ లక్ష్మో తెలియదు.

తప్పు మెమోలోనే ఉంటే పని పెద్దది. బడి హెడ్‌మాస్టర్ ద్వారా దరఖాస్తు జిల్లా విద్యాధికారికి, అక్కడి నుంచి పదో తరగతి బోర్డుకు వెళ్లాలి. దీనికి వారాలు కాదు, నెలలు పట్టవచ్చు.

పదిహేనేళ్లు దాటాక పిల్లల వేలిముద్రలు ఆధార్‌లో మళ్లీ వేయించాలన్న నియమం కూడా చాలామంది మరిచిపోతారు. పేరు మార్పించే రోజే అది కూడా పూర్తి చేసుకోండి.

మా ఆధార్‌కు నాన్న నంబరు ఉంది. నాన్న గల్ఫ్‌లో ఉన్నాడు. ఓటీపీ ఎలా?

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లలో ఈ ప్రశ్న తప్పకుండా ఉంటుంది. ఒక అబ్బాయి దోస్త్ రిజిస్ట్రేషన్ కోసం మా వరండాలో కూర్చున్నాడు. నాన్న మస్కట్‌లో సెంట్రింగ్ పని చేస్తాడు. ఊరి సిమ్ అక్కడ రోమింగ్‌లో ఉంది. ఇక్కడ మేము బటన్ నొక్కగానే నాన్నకు మెసేజ్ వెళ్లాలి, ఆయన వాట్సాప్‌లో చదివి చెప్పాలి. మొదటిసారి మెసేజ్ రాలేదు. రెండోసారి వచ్చింది గానీ, అప్పటికి ఆయన పైన పలక మీద ఉన్నాడు, ఫోన్ కింద సంచిలో ఉంది. మూడోసారి భోజనం వేళకు కుదిరింది. ఒక్కో అంకె గట్టిగా చదువుతుంటే వెనక మిక్సర్ మిషన్ చప్పుడు మాకు వినిపిస్తూనే ఉంది. ఆరు అంకెలకు మూడు గంటలు పట్టింది.

తర్వాత నెలన్నరలో ఇలాంటి ఓటీపీలు ఇంకా ఎన్నో వస్తాయి. అందుకే ముందే ఆధార్ సెంటర్‌కు వెళ్లి విద్యార్థి దగ్గరున్న నంబరును ఆధార్‌కు కలిపించండి. ఆ సిమ్ కౌన్సెలింగ్ అయ్యేదాకా మార్చకండి, రీచార్జ్ అయిపోనివ్వకండి.

దోస్త్ అంటే ఏమిటి? ఎలా చేయాలి?

డిగ్రీ ఆన్‌లైన్ సర్వీసెస్ తెలంగాణ. 2016లో మొదలైంది. బీఏ, బీకాం, బీఎస్సీ, బీబీఏ లాంటి డిగ్రీ సీట్లకు కాలేజీ కాలేజీకి తిరిగి ఫారాలు కొనే పని దీనితో తప్పింది. ఒకే దరఖాస్తుతో కాకతీయ, శాతవాహన, తెలంగాణ, ఉస్మానియా, పాలమూరు, మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయాల కాలేజీలకు ఆప్షన్లు పెట్టుకోవచ్చు. హనుమకొండ ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ, కాకతీయ ప్రభుత్వ కళాశాల, అమ్మాయిలకు వడ్డేపల్లి పింగిళి కాలేజీ, వరంగల్ సీకేఎం కాలేజీ, అన్నీ ఇందులోవే.

మొదట రిజిస్ట్రేషన్. ఇటీవలి ఏళ్లలో మొదటి విడతకు 200 రూపాయలు తీసుకున్నారు, తర్వాతి విడతల్లో చేరితే 400. ఆధార్‌కు కలిసిన ఫోన్ ఉంటే మీరే చేసుకోవచ్చు, లేదంటే మీసేవకో, హెల్ప్‌లైన్ సెంటర్‌కో వెళ్లాలి. అప్పుడు మీకు దోస్త్ ఐడీ, పిన్ వస్తాయి. వాటిని ఫోన్‌లో ఫొటో తీసుకుని ఊరుకోకండి, నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకోండి. ఫోన్లు పగులుతాయి.

తర్వాత వెబ్ ఆప్షన్లు. కాలేజీ, కోర్సు, మీడియం మూడూ కలిస్తే ఒక ఆప్షన్. ఒకే కాలేజీలో బీఎస్సీ ఫిజికల్ సైన్సెస్ ఇంగ్లిష్ మీడియం ఒక ఆప్షన్, లైఫ్ సైన్సెస్ ఇంకో ఆప్షన్. ఐదారు పెట్టి ఆపకండి. ఇరవై పెట్టినా అదనంగా డబ్బేమీ కట్టనక్కర్లేదు.

సీటు వచ్చాక ఆన్‌లైన్ సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి. ఇది చేయక సీటు పోగొట్టుకునేవాళ్లు ఏటా ఉంటారు, మెసేజ్ వచ్చింది కాబట్టి సీటు మనదే అనుకుంటారు. సెల్ఫ్ రిపోర్టింగ్ చేశాకే ఆ సీటు మీ పేరున నిలుస్తుంది. అది చేసి కూడా తర్వాతి విడతలో ఇంకా మంచి కాలేజీ కోసం ఆప్షన్లు పెట్టుకోవచ్చు. అన్ని విడతలూ అయ్యాక కాలేజీకి స్వయంగా వెళ్లి, సర్టిఫికెట్లు చూపించి, కన్ఫర్మేషన్ ఓటీపీ చెప్పాలి. ఆ ఓటీపీ చెప్పారంటే చేరినట్టే లెక్క.

కాలేజీ వాళ్లే ఇంటికొచ్చి "ఆధార్, ఓటీపీ ఇవ్వండి, మేమే నింపేస్తాం, ఫీజు కూడా మేమే కడతాం" అంటున్నారు. ఇవ్వొచ్చా?

ఇవ్వొద్దు. 200 రూపాయలు మిగులుతాయని మూడేళ్ల చదువు ఎవరి చేతుల్లోనూ పెట్టొద్దు.

పరకాల దగ్గరి పల్లె నుంచి ఒక అమ్మాయి వచ్చింది. బైపీసీ, మంచి మార్కులు. హనుమకొండలో ప్రభుత్వ కాలేజీలో మైక్రోబయాలజీ ఉన్న బీఎస్సీ చదవాలని కోరిక. మేము రిజిస్ట్రేషన్ కోసం ఆధార్ నంబరు కొట్టగానే, ఈ విద్యార్థి ఇదివరకే నమోదైంది అని వచ్చింది. ఎప్పుడు, ఎవరు అని అడిగితే ఆ పిల్ల మొహం తెల్లబోయింది. పది రోజుల కింద ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు ఊళ్లోకి వచ్చి, స్కాలర్‌షిప్ కోసమని చెప్పి ఇంటింటా ఆధార్ జిరాక్సులు, ఓటీపీలు తీసుకెళ్లారట. తెరిచి చూస్తే ఒకే ఒక్క ఆప్షన్ ఉంది, ఆ కాలేజీదే. గడువు ఇంకా రెండు రోజులుంది కాబట్టి హెల్ప్‌లైన్ సెంటర్‌కు పరుగెత్తి, పిన్ మళ్లీ తెప్పించుకుని, ఆప్షన్లు మార్చాం. రెండు రోజులు ఆలస్యంగా వచ్చి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడ వస్తుంది.

ఓటీపీ అడిగేది ఎవరైనా సరే, ఆ మెసేజ్‌లో ఏం రాసి ఉందో పూర్తిగా చదవండి.

ఎప్‌సెట్ ర్యాంకు వచ్చింది. ఇక కాలేజీ వాళ్లే పిలుస్తారా?

కన్వీనర్ కోటా సీటుకు, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ర్యాంకుతో ఇచ్చే సీటుకు, ఎవరూ పిలవరు. ర్యాంకు వచ్చాక అసలు పని మొదలవుతుంది. ఎంసెట్ పేరు 2024లో ఎప్‌సెట్‌గా మారింది. 160 మార్కుల పరీక్ష. ఇంటర్ మార్కులకు ఒకప్పుడు ఉన్న 25 శాతం వెయిటేజీ ఇప్పుడు లేదు, ర్యాంకు పరీక్ష మార్కులతోనే తేలుతుంది. అర్హతకు 25 శాతం, అంటే 40 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కుల నియమం లేదు.

కౌన్సెలింగ్‌లో ముందు ప్రాసెసింగ్ ఫీజు కట్టి స్లాట్ బుక్ చేసుకోవాలి. ఎస్సీ, ఎస్టీలకు 600, మిగతావారికి 1,200 రూపాయలు తీసుకుంటున్నారు. స్లాట్ రోజున హెల్ప్‌లైన్ సెంటర్‌లో ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించాలి. వాళ్లు ఇచ్చే రశీదులో కులం, ఆదాయం, స్థానికత సరిగ్గా ఎక్కాయో లేదో అక్కడే, కుర్చీలోంచి లేవకముందే చూసుకోండి.

తర్వాత వెబ్ ఆప్షన్లు. ఇక్కడే అందరికీ టెన్షన్. "నా ర్యాంకుకు రాని కాలేజీ పైన పెడితే కింద ఉన్నవి కూడా పోతాయా?" అని అడుగుతారు. పోవు. కంప్యూటర్ మంచి ర్యాంకు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరి వంతు చూస్తుంది. మీ వంతు వచ్చినప్పుడు మీ మొదటి ఆప్షన్ ఖాళీ ఉందా, లేకపోతే రెండోది, లేకపోతే మూడోది అని వరుసగా కిందికి దిగుతుంది. ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ ఆగిపోతుంది. కాబట్టి ఎక్కువ ఇష్టమైనది పైన, తక్కువ ఇష్టమైనది కింద. "వస్తుందా రాదా" అన్న లెక్కతో వరుస మార్చొద్దు. ఇష్టం లేనిదాన్ని పైన పెడితే అదే వస్తుంది, అప్పుడు దాని కింద ఉన్న మంచివాటి దాకా కంప్యూటర్ వెళ్లనే వెళ్లదు.

నా దగ్గరికి వచ్చినవాళ్లను ముందు ఫోన్ పక్కన పెట్టమంటాను. పోయినేడాది చివరి ర్యాంకుల జాబితా దగ్గర పెట్టుకుని, నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో రాయమంటాను, చెరిపి మళ్లీ రాసుకోవడానికి. తమ ర్యాంకు కంటే చాలా పైవి కొన్ని, దగ్గరివి చాలా, తప్పక వచ్చేవి కొన్ని. రాత్రి ఇంట్లో చూపించి, మర్నాడు వచ్చి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాం. అలా చేసినవాళ్లెవరూ తర్వాత "అయ్యో, ఆ కాలేజీ మరిచిపోయానే" అనలేదు.

ప్రభుత్వ యూనివర్సిటీ కాలేజీలను మరవకండి. కాకతీయ యూనివర్సిటీకి సొంత ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. జేఎన్టీయూ కాలేజీలు కొండగట్టు దగ్గర, మంథనిలో, సిరిసిల్లలో ఉన్నాయి. హైదరాబాద్ శివార్లలో పేరు కూడా తెలియని కాలేజీని వీటికి పైన పెట్టేవాళ్లను చూస్తే నాకు మనసొప్పదు.

తర్వాతి విడతలో పాల్గొని ఇంకో సీటు వస్తే, ముందు వచ్చిన సీటు దానంతటదే రద్దవుతుంది. నిజంగా కావాలనుకున్నవే ఆ విడతలో పెట్టండి.

ఇంటర్ విజయవాడలో చదివించాం. ఇబ్బందేమైనా ఉందా?

ఉంది. మన జిల్లాల నుంచి ఏటా ఎంతోమంది పిల్లలు అక్కడి హాస్టళ్లకు వెళ్తారు, కానీ ఈ సంగతి చేర్చే రోజున ఎవరూ చెప్పరు.

వరంగల్ నిట్‌లో సగం సీట్లు హోం స్టేట్ కోటా. 1959లో రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైనప్పటి నుంచీ మన కళ్ల ముందే ఉన్న సంస్థ అది. అయితే హోం స్టేట్ అంటే ఇల్లున్న రాష్ట్రం కాదు, ఇంటర్ పాసైన రాష్ట్రం. కాజీపేటలో పుట్టి పెరిగి, విజయవాడలో ఇంటర్ పాసైన పిల్లవాడికి హోం స్టేట్ ఆంధ్రప్రదేశ్. అతనికి హోం కోటా తాడేపల్లిగూడెం నిట్‌లో ఉంటుంది, ఇంటి వెనకున్న నిట్‌లో ఉండదు.

మెడిసిన్‌లో ఇంకా గట్టి నియమం ఉంది. 2024లో వచ్చిన జీవో 33 ప్రకారం, ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే 9 నుంచి ఇంటర్ దాకా తెలంగాణలో చదివి ఉంటేనే స్థానికులు. దీని మీద కోర్టుల్లో వాదనలు జరిగి, 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని సమర్థించింది. ఉద్యోగరీత్యా బయటికి బదిలీ అయిన కొన్ని వర్గాల ఉద్యోగుల పిల్లలకు మినహాయింపులు ఉన్నాయి. పదో తరగతిలో ఉన్న చెల్లెలో తమ్ముడో ఇంట్లో ఉంటే, ఇంటర్ ఎక్కడ అన్నది నిర్ణయించేముందు ఈ లెక్క చూసుకోండి.

ఐఐటీ, నిట్ సీట్ల కౌన్సెలింగ్ జోసాలో ఫ్రీజ్, ఫ్లోట్, స్లైడ్ అంటే ఏమిటి?

వచ్చిన సీటే చాలనుకుంటే ఫ్రీజ్. కాలేజీ ఇదే ఉండి మంచి బ్రాంచ్ వస్తే మారతానంటే స్లైడ్. నా వరుసలో పైనున్నది ఎక్కడ వచ్చినా వెళ్తానంటే ఫ్లోట్. మూడింటిలో ఏది ఎంచుకున్నా గడువులోగా సీటు యాక్సెప్టెన్స్ ఫీజు కట్టాలి, కట్టకపోతే సీటు పోతుంది.

మాకు బీసీ సర్టిఫికెట్ ఉంది. నిట్, సెంట్రల్ యూనివర్సిటీలకు అదే చెల్లదా?

చెల్లదు. మీసేవలో వచ్చే బీసీ-ఏ, బీ, సీ, డీ, ఈ సర్టిఫికెట్ మన రాష్ట్రానికి. కేంద్ర సంస్థలకు ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కేంద్రం ఇచ్చిన నమూనాలో కావాలి. మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో కూడా చూసుకోవాలి, రాష్ట్ర జాబితాలో ఉన్నవన్నీ అందులో ఉండవు. ఏప్రిల్ మొదటి వారంలోనే మీసేవలో పెట్టండి, తహసీల్ ఆఫీసులో విచారణకు రోజులు పడతాయి.

వ్యవసాయ కుటుంబం మాది. అగ్రికల్చర్ బీఎస్సీలో రైతు కోటా ఉందంటారు, నిజమేనా?

నిజం. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో 40 శాతం సీట్లు రైతు కోటావి. మునిసిపాలిటీ బయటి బడుల్లో కనీసం నాలుగేళ్లు చదివి ఉండాలి, విద్యార్థి పేరునో తల్లిదండ్రుల పేరునో కనీసం ఎకరం భూమి ఉండాలి. పట్టా ఇంకా తాత పేరునే ఉండిపోయిందని కౌన్సెలింగ్ ముందు రోజు తెలిసిన కుటుంబాలను చూశాను. పాస్‌బుక్ ఎవరి పేరున ఉందో ఇవాళే తీసి చూడండి. వరంగల్, జగిత్యాల, సిరిసిల్లలో వ్యవసాయ కాలేజీలున్నాయి. ప్రవేశం ఎప్‌సెట్ ర్యాంకుతోనే, కానీ కౌన్సెలింగ్‌కు విశ్వవిద్యాలయానికి విడిగా దరఖాస్తు చేయాలి.

పదో తరగతి తర్వాతే చేరే కోర్సులు?

రెండు ముఖ్యం. ఒకటి పాలీసెట్ రాసి పాలిటెక్నిక్. రెండోది బాసర ట్రిపుల్ ఐటీ, 2008లో మొదలైంది. ఆరేళ్ల చదువు, రెండేళ్లు ఇంటర్ స్థాయి, నాలుగేళ్లు బీటెక్, అక్కడే హాస్టల్. ప్రవేశ పరీక్ష లేదు, పదో తరగతి ఫలితాలే ఆధారం. ప్రభుత్వ బడుల పిల్లలకు అదనపు వెయిటేజీ ఉంటుంది. దరఖాస్తు గడువు చిన్నది కాబట్టి ఫలితాలు వచ్చిన వారంలోనే చూసుకోండి.

క్యూట్ మనవాళ్లకు పనికొస్తుందా?

బాగా పనికొస్తుంది, కానీ మన వైపు చాలా తక్కువమంది రాస్తున్నారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఐదేళ్ల కోర్సులకు, ఢిల్లీ యూనివర్సిటీ డిగ్రీలకు ఇదే దారి. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. 2014 విభజన చట్టంలో ఇచ్చిన మాట, 2023లో చట్టమై, 2024లో తరగతులు మొదలయ్యాయి. ప్రశ్నపత్రం తెలుగులో కూడా ఎంచుకోవచ్చు. సీఈసీ, హెచ్ఈసీ పిల్లలు "మాకు ఎంట్రన్సులు ఏముంటాయి మేడమ్" అని నిరాశగా అడిగితే నేను మొదట చెప్పేది దీని గురించే. సబ్జెక్టులు ఎంచుకునేముందు మీరు కోరుకునే కోర్సు ఏ సబ్జెక్టులు అడుగుతుందో చూసుకోవాలి. అది చూడకుండా పరీక్ష రాసి మంచి స్కోరు తెచ్చుకున్నా, ఆ కోర్సుకు అర్హత లేకుండా పోతుంది.

కొన్ని యూనివర్సిటీలు వ్యాసం, సిఫారసు లేఖ అడుగుతున్నాయి. ఎలా రాయాలి?

కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయాలు, విదేశీ కాలేజీలు అడుగుతాయి. అమెరికాలో బ్యాచిలర్స్‌కు వాడే కామన్ యాప్‌లో వ్యాసం 650 పదాలకు మించకూడదు.

ఒక అమ్మాయి మొదటి చిత్తుప్రతి తెచ్చింది. నేను చిన్నప్పటి నుంచి కష్టపడే తత్వం గలదాన్ని, దేశానికి సేవ చేయాలన్నది నా ఆశయం, ఇలా రెండు పేజీలు. ఎక్కడా ఆ పిల్ల కనిపించలేదు. పక్కన పెట్టి, మీ ఇంట్లో పత్తి అమ్మే రోజు ఏం జరుగుతుందో చెప్పు అన్నాను. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు నాన్నతో వెళ్తుందట. కొనుగోలు కేంద్రంలో మిషన్ పెట్టి తేమ చూస్తారు. 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర, పెరిగేకొద్దీ కోత, 12 దాటితే కొనరు. నాన్న వేళ్లతో నలిపి తేమ చెప్తాడు, తను దాన్ని రాసుకుని మిషన్ అంకెతో పోల్చుతుంది. మూడు సీజన్ల లెక్కలు చిన్న డైరీలో ఉన్నాయి. ఆ డైరీ గురించే రాయమన్నాను. ఎకనామిక్స్ ఎందుకు చదవాలనుకుంటోందో ఇక వేరుగా చెప్పాల్సిన పనే లేకపోయింది.

సిఫారసు లేఖ మీకు నిజంగా పాఠం చెప్పినవాళ్లను అడగండి, పెద్ద హోదాలో ఉన్నవాళ్లను కాదు. కనీసం మూడు వారాల ముందు అడగండి. మీరు చేసిన పనుల జాబితా ఒక పేజీలో రాసి చేతికివ్వండి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందని నమ్ముకోవచ్చా?

అర్హత ఉంటే తప్పకుండా దరఖాస్తు చేయండి. ఎస్సీ, ఎస్టీలకు కుటుంబ ఆదాయం ఏటా 2 లక్షల లోపు, బీసీ, ఈబీసీ, మైనారిటీలకు పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షల లోపు ఉండాలి. ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈ-పాస్‌లో ఏటా రెన్యువల్ చేయాలి. 75 శాతం హాజరు, ఆధార్ కలిసిన బ్యాంకు ఖాతా తప్పనిసరి.

కానీ డబ్బు వేళకు వస్తుందని లెక్క వేసుకోకండి. బకాయిలు పేరుకుపోయి 2025లో ప్రైవేటు కాలేజీలు బంద్‌కు దిగాయి. సర్కారు ఇవ్వలేదు, మీరు కట్టండి అని చివరి ఏడాదిలో పిల్లల మీద పడే కాలేజీలున్నాయి. చేరేముందే "రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే టీసీ ఆపుతారా?" అని సూటిగా అడగండి. అక్కడ చదువుతున్న సీనియర్లను కూడా అడగండి, నిజం వాళ్ల దగ్గరే తెలుస్తుంది.

ఒరిజినల్స్ అన్నీ కాలేజీకి ఇచ్చేయాలా?

చూపించాలి. కానీ ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర పెట్టుకోకూడదని యూనివర్సిటీలకు నియమాలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ 2018లోనే చెప్పింది. టీసీ మాత్రం ఇవ్వక తప్పదు. ఇచ్చే ముందు అన్నీ స్కాన్ చేసుకోండి, పది సెట్ల జిరాక్స్ తీసుకోండి, ఇచ్చిన ప్రతి కాగితానికీ సంతకంతో రశీదు అడగండి.

ఒక సబ్జెక్టు పోయింది. ఈ ఏడు ఇక అంతేనా?

కాదు. సప్లిమెంటరీ రాసి పాసైతే దోస్త్ తర్వాతి విడతల్లో చేరవచ్చు. ఎప్‌సెట్ రాసి ఉంటే ఇంటర్ పాసయ్యాక ర్యాంకు ఇస్తారు. ఫెయిలైన పిల్లల్ని ఆ రెండు నెలలు ఒంటరిగా వదలకండి, తిట్టకండి, పక్కన కూర్చోండి.

మాకు చదువు రాదు. మా పిల్లలకు మేమేం సాయం చేయగలం?

మీసేవకు, తహసీల్ ఆఫీసుకు తిరగడానికి ఒక రోజు కూలి వదులుకుని వచ్చేది మీరే. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. సబ్మిట్ నొక్కేముందు పిల్లల్ని ఫారం అంతా గట్టిగా తెలుగులో చదివి వినిపించమనండి.

నిరుడు నర్సంపేట వైపు నుంచి ఒక అమ్మ, కొడుకు వచ్చారు. ఆమె మిర్చి తోటల్లో కూలికి వెళ్తుంది, అక్షరం రాదు. వాడు గబగబా నింపేసి నా వైపు చూశాడు. "మొత్తం అమ్మకు చదివి వినిపించు" అన్నాను. వాడు కాస్త సిగ్గుపడుతూనే మొదలుపెట్టాడు. పేరు, నాన్న పేరు, పుట్టిన తేదీ, ఊరు. ఆమె ఒక్కోదానికీ తలూపుతోంది. "కేటగిరీ, బీసీ-బీ" అన్నాడు. ఆమె తల ఆగింది. "మనది డీ గద బిడ్డా, తహసీల్ ఆఫీసుల సారు గదే అన్నడు" అంది. కవరులోంచి కుల సర్టిఫికెట్ తీసి చూశాం. డీ అనే ఉంది. వాడు వెనక్కి వెళ్లి మార్చి, మళ్లీ మొదటి గడి నుంచి చదవడం మొదలుపెట్టాడు.